అమ్మ తీసెయ్యొద్దన్న మాట

బైబిలు మొత్తంలో మూడంటే మూడు చోట్ల మాత్రమే కనిపించే ఒక హీబ్రూ క్రియ మీద, చదువుకునే రోజుల్లో నేను ఒక వ్యాసం రాశాను. వేసవి సెలవుల్లో ఇంటికి తెచ్చి చదివి వినిపిస్తుంటే మా అమ్మ వంకాయలు తరగడం ఆపేసింది.

"ఆ మాట తీసెయ్యకు బిడ్డా," అంది.

బడి మొహం చూడని మనిషి. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. రెండు పాత భాషలు కూడబలుక్కుని చదవడం వచ్చు. ఇద్దరిలో ఎవరి మాట చెల్లాలో నాకు అనుమానమే లేదు.

మాది బొగ్గు బాయి మీద బతికిన ఇల్లు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అనే అంటారు. ఖమ్మం నుంచి తల్లాడ మీదుగా బస్సులో వస్తుంటే మిరప చేన్లు, పత్తి చేన్లు వెనకబడి టేకు చెట్లు మొదలవుతాయి. ఆ చెట్ల అవతల మా క్వార్టర్లు. వరసకు పన్నెండు ఇళ్లు, రెండేసి గదులు, ముందు అరుగు. నాయిన బాయిలో పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే పని చేసేవాడు. ఆదివారం రేకుల షెడ్డులో ఆరాధన. నాయిన బైబిలు చదివేవాడు, అమ్మ వినేది. ఎండాకాలం ఆ షెడ్డు పెనం లాగా కాలేది. అయినా ఆ రేకుల కింద పాడిన పాటల గొంతులు ఇప్పటికీ ఒక్కొక్కటి విడివిడిగా గుర్తుపట్టగలను. ఎవరు ఎక్కడ శ్రుతి తప్పేవాళ్లో కూడా.

డిగ్రీ అయ్యాక బైబిలు కాలేజీలో చేరాను. అక్కడ హీబ్రూ చెప్పే సారు కోస్తా మనిషి, రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు. రెండో ఏడు ఒక్కొక్కరికి ఒక్కో మాట ఇచ్చాడు. నాకు వచ్చింది 'రాఖఫ్'.

"చిన్న మాటేనమ్మా," అన్నాడు. "మూడు చోట్లే ఉంది. అందుకే కష్టం. వందసార్లు వచ్చే మాట తన అర్థం తానే చెప్పుకుంటుంది. దీన్ని అడగాలి."

నేను లైబ్రరీలో కూర్చుని అడగడం మొదలుపెట్టాను. మొదటి చోటు బైబిలు మొదటి పేజీలోనే. భూమికి ఇంకా ఆకారం లేదు, అగాధం మీద చీకటి, నీళ్ల మీద దేవుని ఆత్మ. ఆ ఆత్మ ఏం చేస్తోందో చెప్పే క్రియ ఇది. రెండో చోటు, జనాన్ని ఎడారి దాటించిన ముసలి నాయకుడు చనిపోయే ముందు పాడిన పాట. అందులో పక్షిరాజు గూడు కదిలించి పిల్లల మీద ఇదే పని చేస్తుంది. కూర్చోదు, ఎగిరిపోదు. ఉన్నచోటే రెక్కలు కొట్టుకుంటూ ఆగుతుంది. మూడో చోటు ఒక ప్రవక్త గోడు. తన గుండె పగిలిందని, ఎముకలన్నీ వణుకుతున్నాయని ఇదే క్రియతో అంటాడు. హీబ్రూకు చుట్టమైన సిరియాక్ భాషలో ఈ మాటను పక్షి గుడ్లు పొదిగేదానికీ వాడతారని చదివాను. కొందరు పండితులు మొదటి పేజీలో ఉన్నది ఆత్మ కాదు, పెద్ద గాలి అన్నారు. గాలి అయితే వీస్తుంది గానీ ఇలా రెక్కలాడించే పని ఎందుకు చేస్తుందని ఇంకొందరు అన్నారు.

మన తెలుగు బైబిల్లో ఆ చోట ఉన్న మాట 'అల్లాడుచుండెను'.

అదే నాకు నచ్చలేదు. మా దిక్కు అల్లాడటమంటే ఏందో నాకు తెలుసు. నీళ్లకు అల్లాడతారు. కడుపు నొప్పితో అల్లాడతారు. దవాఖానాలో మంచం దొరక్క అల్లాడతారు. దేవుని ఆత్మకు ఏం కష్టం వచ్చిందని అల్లాడుతుంది? అనువాదం చేసినవాళ్లు రెక్కలు ఆడటాన్ని మాత్రమే తలచి ఉంటారని, ఈనాటి చదువరికి అది బాధ అనే తప్పు అర్థం ఇస్తుందని, కనుక ఆ మాట తీసి 'విహరించెను' అని పెట్టాలని రాశాను. ఎముకల వాక్యం నా వాదానికి అడ్డం వస్తోంది. దాన్ని పేజీ అడుగున చిన్న అక్షరాల్లో పెట్టి దాటేశాను.

వ్యాసం పూర్తయిందనుకున్నాను. గర్వంగా ఇంటికి తెచ్చాను. నాయిన అప్పటికి రిటైరయ్యాడు గానీ ఇంకా క్వార్టర్ ఖాళీ చేయలేదు. అరుగు మీద కూర్చుని పెద్దగా చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. అమ్మ కత్తిపీట ముందేసుకుని వింటున్నదో లేదో తెలియకుండా వింటోంది. 'విహరించెను' దగ్గరికి వచ్చేసరికి ఆ మాట అన్నది.

"ఎందుకమ్మా?"

"నువ్వు పెట్టిన మాటకు అర్థమేంది?"

"హాయిగా తిరగడం."

"అయితే వద్దు. ముందటిదే ఉండనీయి."

"అమ్మా, అల్లాడుడు అంటే మనం బాధకు అంటం. దేవునికి బాధేంది?"

అమ్మ నాయిన వైపు చూసింది. ఆయన కళ్లు తెరవలేదు. "చెప్పు," అన్నాడు. "దానికి తెల్వదు గద."

సగం నాకు తెలుసు. ఆ రోజు నేను కూడా అక్కడ ఉన్నాను.

నాకు తొమ్మిదేళ్లు. నాలుగో తరగతి. నాయిన ఫస్ట్ షిఫ్ట్. అమ్మ రోజూ లాగే వాకిట్లో నిలబడి రెండు మాటల ప్రార్థన చేసి పంపింది. మేము బళ్లో ఉండగా సైరన్ మోగింది. షిఫ్ట్ మారే వేళ కాదు. మా పంతులమ్మ సుద్దముక్క బల్ల మీద పెట్టి కిటికీ వైపు చూసింది. అంతే, క్వార్టర్ల పిల్లలమంతా ఎవరూ చెప్పకుండానే లేచి పరుగెత్తాం.

మా బాయి నేల మీంచి ఏటవాలుగా లోపలికి దిగే సొరంగం. దాని నోటి ముందు తాడు కట్టి కాపలా వాళ్లు నిలబడ్డారు. పక్కన ఎప్పుడో మూసేసిన పాత బాయి ఒకటి ఉంది. అందులో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు మధ్య గోడను పగలగొట్టుకుని ఇటు వచ్చాయి. చాలామంది బయటపడ్డారు. అడుగున పనిచేసే ఏడుగురు రాలేదు. అందులో నాయిన ఒకడు. మా పక్క క్వార్టర్ మామ ఒకడు.

అమ్మ అప్పటికే అక్కడుంది. బియ్యం కడుగుతూ వచ్చినట్టుంది, కడుగు నీళ్లు చేతుల మీద తెల్లగా ఆరిపోయాయి. ఆమె నిలబడలేదు, కూర్చోలేదు. తాడు వెంట నాలుగడుగులు ఇటు, నాలుగడుగులు అటు. మధ్యలో ఆగి సొరంగంలోకి చూడటం, మళ్లీ నడవటం. నన్ను చూసింది గానీ దగ్గరికి తీసుకోలేదు. ఆ మామ భార్య, పక్కింటి అత్తే నా చెయ్యి పట్టుకుంది. ఆమె తన ఇంటి దేవతలకు మొక్కుకుని పసుపు గుడ్డ మణికట్టుకు కట్టుకుంది. ఆడవాళ్లు ఇరవై మంది దాకా ఉంటారు. గట్టిగా ఏడ్చినవాళ్లు తక్కువ. అందరూ కదులుతూనే ఉన్నారు. ఆ నోటి ముందు ఆ కదలిక ఒక్కటే ఉంది.

కొంతసేపటికి అత్త అమ్మను అడిగింది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"ఏమే, పొద్దుగాల ప్రార్థన చేసి పంపితివి గద. మీ దేవుడు ఇప్పుడు ఏం చేస్తున్నడే?"

అమ్మ మళ్లీ నడవడం మొదలుపెట్టింది.

ఎండ వాలే వేళకు మోటార్లు నీళ్లు తోడి దారి చేశాయి. ఆరుగురు వచ్చారు. నాయిన నాలుగో మనిషి. నడుము దాకా బురద, ఎడమ కాలు ఈడుస్తూ వచ్చాడు. అమ్మ ఆయన్ని పట్టుకుని నేల మీద కూలబడింది. అత్త మాత్రం ఆయన వెనక వైపు చూస్తూ నిలబడింది. ఐదో మనిషి. ఆరో మనిషి. ఆ తర్వాత ఎవరూ లేరు. నాయిన తల ఎత్తలేదు.

మామను మూడో రోజు తెచ్చారు. అత్త ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది, ఒళ్లంతా వణుకు. చలికి వణికినట్టు కాదు, జ్వరానికీ కాదు. ఇద్దరు ఆడవాళ్లు భుజాలు పట్టుకున్నా ఆగలేదు. దుప్పటి కప్పితే దుప్పటి వణికింది. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. ఆ ఒక్క సంగతి నేను చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

ఇంతవరకు నాకు తెలుసు. తర్వాతిది అమ్మ చెప్పింది, వంకాయ ముక్కలు నీళ్లలో నల్లబడుతుంటే.

నాయినకు కాలు బాగయ్యేదాకా సెలవు ఇచ్చారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఆయన అమ్మకు అక్షరాలు నేర్పడానికి పూనుకున్నాడు. ఇంట్లో పెద్దక్షరాల పుస్తకం బైబిలు ఒక్కటే. అందుకని దాంతోనే, మొదటి పేజీ నుంచే మొదలు. అమ్మకు ఆ రోజుల్లో ప్రార్థన నోటికి రావడం లేదట. అత్త అడిగిన మాటే అడ్డం పడేదట. అక్షరాలంటే ఫరవాలేదు, అక్షరాలతో దేవునితో మాట్లాడే పని లేదు గదా అనుకుందట. వేలు పెట్టి ఒక్కో మాటా కూడుకుంటూ పోయింది. భూమి. చీకటి. నీళ్లు. ఆ నీళ్ల తర్వాత ఒక పొడుగు మాట వచ్చింది.

"ఇదేందయ్యా?" అని అడిగిందట.

"అల్లాడుచుండెను," అన్నాడట నాయిన.

"అంటే మనం అనే అల్లాడుడేనా?"

"మరింకేంది."

అమ్మ పుస్తకం మూసి, పక్కింటికి పోయింది. అత్త అప్పటికి ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. అమ్మ గడపలోనే నిలబడి చెప్పిందట.

"అక్కా, ఆ రోజు నువ్వు అడిగినవు గద, మీ దేవుడు ఏం చేస్తున్నడని. నాకు ఇయ్యాల తెలిసింది. కింద అంతా చీకటి, నీళ్లు. ఆయన పైన అల్లాడుతున్నడంట. మన లెక్కనే."

అత్త, "అల్లాడితే మాత్రం? మా ఆయన రాకపాయె," అందట.

"రాలే," అంది అమ్మ.

"ఆడ్నే ఉన్నడంటవా? పోకుండ?"

"పోలేదంట."

"సరే, లోపలికి రా. చాయ్ పెడత."

ఆ ఇంట్లో మామ పోయాక పొయ్యి మీద చాయ్ పెట్టడం అదే మొదటిసారట.

ఇదంతా చెప్పి అమ్మ మళ్లీ కత్తిపీట ముందుకు జరిగింది. "ఇప్పుడు నువ్వు విహరించెను అని పెడితే నేనామెకు ఏం చెప్దును? మీ ఆయన నీళ్లల్ల ఉంటే మా దేవుడు తోటల తిరిగినట్టు తిరిగిండని చెప్దునా?"

నేను నవ్వలేకపోయాను. నాయిన నవ్వాడు. అప్పుడు కళ్లు తెరిచి నన్ను అడిగాడు, "ఆ భాషల ఆ మాట ఎట్లుంటదే?"

నేను చెప్పాను. ఆత్మ అనే మాట హీబ్రూలో ఎక్కువగా స్త్రీలింగం. అందుకని ఇక్కడ క్రియ కూడా స్త్రీలింగంలోనే ఉంది. ఒకసారి చేసి ఆపేసిన పని కాదు, చేస్తూ ఉన్న పని.

"అయితే అల్లాడిండు కాదు, అల్లాడింది," అన్నాడు నాయిన. కాసేపు అమ్మ వైపు చూసి, "అవ్, సరిగ్గనే ఉన్నది," అన్నాడు.

తర్వాత, నేను అడగకుండానే, లోపల ఏం జరిగిందో చెప్పాడు. అంతకు ముందు నా ఎదురుగా ఎన్నడూ చెప్పలేదు. నీళ్లు వచ్చినప్పుడు ఎత్తుగా ఉన్న ఒక మూలకు ఎక్కారట. టోపీ లైట్లు ఒక్కొక్కటే మసకబారాయి. మామ వాళ్లకంటే కింద ఉన్నాడు. పిలిస్తే కొంతసేపు పలికాడు.

"నాకు పైన ఎవరున్నరో ఏం తెలుసు?" అన్నాడు నాయిన. "సప్పుడు లేదు. మీ అమ్మ నిలబడ్డదని నాకు తెల్వదు. నాకు తెల్వకపోయినా నిలబడ్డది. బయటికి వచ్చినంక చూస్తే తాడు పొంటి నేలంతా అడుగులే."

ఆ సాయంత్రం నా కాగితాలు మళ్లీ తీశాను. పేజీ అడుగున పడేసిన ఎముకల వాక్యం దగ్గర ఆగాను. దుప్పటి కింద వణికిన అత్త ఒళ్లు కళ్లముందుకు వచ్చింది. ప్రవక్త తన ఎముకల గురించి వాడిన క్రియ, దేవుని ఆత్మ గురించి రాసిన క్రియ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. నేను దాటేసింది దాన్నే. ఇంగ్లీషు అనువాదాల్లో ఒక చోట ఒక మాట, ఇంకో చోట ఇంకో మాట పెట్టుకున్నారు. రెక్క ఆడటం ఒకటి, ఒళ్లు వణకడం ఒకటి. తెలుగులో ఆ రెండూ ఒక్క మాటలో ఉన్నాయి. ఆకూ అల్లాడుతుంది, తల్లీ అల్లాడుతుంది. నేను తప్పు అని రాసింది బహుశా ఆ అనువాదంలోకెల్లా మంచి మాట.

ఇంకొకటి కూడా అప్పుడే గమనించాను. వెలుగు కలగాలని దేవుడు అనడం తర్వాత వాక్యంలో. మాట పుట్టకముందే ఈ అల్లాడటం ఉంది. ఆ కాలపు చుట్టుపక్కల కథల్లో దేవతలు సముద్రంతో యుద్ధం చేసి గెలుస్తారు. ఇక్కడ యుద్ధం లేదు. నీళ్లను కొట్టలేదు, వదిలి పోలేదు. దగ్గరే ఉండటం ఒక్కటే మొదట చెప్పారు. చేసిందేమిటో తర్వాత చెప్పారు.

వ్యాసమంతా తిరగరాశాను. సెలవులయ్యాక సారు చదివి పిలిచాడు.

"ఏమ్మా, తలకిందులు చేశావేంటి?"

బాయి సంగతి చెప్పాను. అత్త ప్రశ్న చెప్పాను. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ విన్నాడు.

"ఎముకల దగ్గరున్న రూపం వేరు. మిగతా రెండు చోట్లా ఉన్నది వేరు. అది ఒప్పుకుని రాయి. మూడు చోట్లా అర్థం ఒకటేనని బల్ల గుద్దకు. దేవుడు బాధపడ్డాడని ఈ ఒక్క మాట మీద సిద్ధాంతం కట్టకు, కూలుతుంది."

"మరి మా అమ్మ అన్నది తప్పా సార్?"

"మీ అమ్మగారు సిద్ధాంతం కట్టలేదుగా. పక్కింటావిడ ఏదో అడిగింది, దానికి జవాబు వెతుక్కుంది. తెలుగు చేసినవాళ్లు ఏమనుకుని ఆ మాట వేశారో నీకూ తెలీదు, నాకూ తెలీదు. వాళ్లు వేశారు. ఆవిడకు దొరికింది." కాగితాలు నా చేతికిచ్చాడు. "విహరించెను మాత్రం తీసేశావు కదా. మంచి పని చేశావు."

ఆ తర్వాత చాలా ఏళ్లు గడిచాయి. నాయిన పోయాడు. క్వార్టర్ల చోట ఇప్పుడు తుమ్మ చెట్లు మొలిచాయి. మామ పేరు మీద అత్తకు బాయి దగ్గరే, లోపలికి దిగేవాళ్లకు లైట్లు అందించే గదిలో పని ఇచ్చారు. పాతికేళ్లు చేసింది. ఏ మనిషి ఏ లైటు తీసుకుపోయాడో, తిరిగి పెట్టాడో లేదో చూడటమే ఆమె పని. షిఫ్ట్ అయిపోయినా ఒక లైటు వెనక్కి రాలేదంటే ఇంటికి పోయేది కాదని బాయి మీద అందరూ చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు తిరుమలాయపాలెం దగ్గర పుట్టింటి ఊళ్లో ఉంది. ఆమె మా మతంలోకి రాలేదు, అమ్మ రమ్మని అడగలేదు. ఇద్దరూ వారానికోసారి ఫోన్లో మాట్లాడుకుంటారు. ఎక్కువగా మోకాళ్ల నొప్పుల గురించి.

అమ్మ నా దగ్గరే ఉంటోంది. నేను భద్రాచలం అవతల, అడవి అంచున ఒక చిన్న పాఠశాలలో బైబిలు చెబుతున్నాను. గూడేల నుంచి వచ్చిన పెద్దవాళ్లే నా విద్యార్థులు. తెలుగు చదువుతారు గానీ ఇళ్లలో మాట్లాడేది వాళ్ల భాష. పోయిన వేసవిలో, బీడీలు చుట్టే తునికాకు కోత మొదలయ్యే ముందు, మొదటి పేజీని వాళ్ల భాషలో చెప్పుకుందామని కూర్చున్నాం. రెండో వాక్యం దగ్గర బండి ఆగింది. ఒకాయన ఎగరడం అన్నాడు. ఇంకొకాయన తేలడం అన్నాడు. పొద్దంతా వాదించుకున్నారు. నేను రాఖఫ్ గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. మా అమ్మ సంగతి మాత్రం చెప్పలేదు. వాళ్ల మాట వాళ్లకు దొరకాలి.

చివరికి వెనక కూర్చున్న ఒక ఆడమనిషి ఒక మాట అంది. మగవాళ్లు ముందు నవ్వారు, తర్వాత నవ్వు ఆపారు. దానికి అర్థమేందని అడిగాను.

"కోడి గుడ్ల మీద కూర్చునే ముందు చూడండి టీచర్," అందామె. "రెక్కలు విప్పుతది. కాళ్లు ఏడ పెట్టాల్నో చూసుకుంటది. గుడ్డు పగలకుండ జర జర కిందికి దిగుతది. అప్పటి మాట అది."

"కానీ ఇక్కడ గుడ్లు లేవు, నీళ్లే ఉన్నై," అన్నాడు ఒకాయన.

"గుడ్డు లోపట ఏమున్నదో కోడికి మాత్రం కనబడతదా?"

నేను ఆ మాటను తెలుగు అక్షరాల్లో బోర్డు మీద రాసి చదివాను. పలకడం తప్పింది. మళ్లీ చదివితే మళ్లీ తప్పింది. మూడోసారికి క్లాసంతా నవ్వింది. ఆమె నా పక్కకు వచ్చి నిలబడి, నాలుక ఎక్కడ పెట్టాలో చూపించింది. ఆ తర్వాతి వాక్యంలో వెలుగు వస్తుంది. దానికి మాట వెంటనే దొరికింది.